పాల లెక్క

తిమిని మింగేది తిమింగిలం అని చిన్నప్పుడు తెలుగు మాస్టారు పదం విడగొట్టి చెప్పారు. తిమి అంటేనే పెద్ద చేప, దాన్ని కూడా గుటకాయస్వాహా చేసేదన్న మాట. మొన్న ఫిబ్రవరిలో డొమినికన్ రిపబ్లిక్‌లోని సమనా అఖాతంలో దాన్ని కళ్లారా చూశాక ఆ వ్యుత్పత్తి కాస్త అన్యాయమనిపించింది. అక్కడికొచ్చే హంప్‌బ్యాక్ తిమింగలం అక్కడున్నన్నాళ్లూ మింగేదేమీ లేదు. దాదాపు కటిక ఉపవాసం.

వేసవంతా కెనడా, గ్రీన్‌లాండ్, ఐస్‌లాండ్ వైపు చన్నీళ్లలో మేసి ఒళ్లు చేసుకుంటాయి. జనవరి నుంచి మార్చి దాకా ఈ గోరువెచ్చని నీళ్లలో జత కడతాయి, ఈనుతాయి. పుట్టిన పిల్ల దగ్గర దగ్గర టన్ను బరువు. తల్లి తాను తినకుండా, ఒంట్లో కొవ్వు కరిగించి దానికి పాలిస్తుంది. పురిటికి పుట్టింటికి రావడమే అనుకోండి, వండిపెట్టే అమ్మ మాత్రం లేదు.

న్యూజెర్సీ నుంచి అక్కయ్య, బావగారు, వాళ్లతో నేను. రేవు దాటగానే పడవ ఊగడం మొదలెట్టింది. అక్కయ్య సంచిలోంచి అల్లం మురబ్బా తీసింది. ఫోన్‌లోంచి కన్ను తియ్యని బావగారికే మొదట కడుపులో తిప్పింది. గంటసేపు నీళ్లే నీళ్లు. తర్వాత ఎడమ పక్కన ఉఫ్‌మని తెల్లటి ఆవిరి. తడిసిన టైరులా మెరిసే ఓ పెద్ద వీపు, దాన్నంటుకుని ఓ చిన్న వీపు. పిల్ల మూడుసార్లు ఊపిరికి పైకొస్తే తల్లి ఒక్కసారి వచ్చింది. ఆ పైన నిదానంగా తోక లేపి మునిగింది. తోక అడుగున తెలుపు నలుపు మచ్చలు మన వేలిముద్రల్లాంటివట, ఏ రెండింటికీ ఒకేలా ఉండవు.

"ఇంకాస్త దగ్గరికి పోనివ్వవయ్యా, ఇంత డబ్బు పోశాం" అన్నారు బావగారు, తెలుగులోనే. పడవాయన తల అడ్డంగా ఊపాడు. రూలు ప్రకారం పిల్లతల్లికి ఎనభై మీటర్ల దూరం, మామూలు వాటికి యాభై. ఒక్కోచోట మూడు పడవలకు మించకూడదు. అరగంట కాగానే కదలాలి. తిరుమలలో అరనిమిషానికే "జరగండి, జరగండి" అనిపించుకునే మనకు అరగంటంటే ధారాళమే.

నేను పడవాయన పక్షం. పడవ మీదికొచ్చిన ప్రతిసారీ తల్లి మునగాలి, వేగం పెంచాలి. అందుకు ఖర్చయ్యే కొవ్వు పిల్ల తాగాల్సిన పాలే. ఉత్తరాదికి తిరిగి చేరేదాకా ఆ లోటు పూడదు. 1986లోనే సిల్వర్ బ్యాంక్ అనే సముద్రభాగాన్ని తిమింగలాలకు అభయస్థలం చేసిన దేశానికి ఈ లెక్క బాగానే తెలుసు. తెలియంది, రేవులో 'తిమింగలం గ్యారంటీ' అని బోర్డు పెట్టి టికెట్లమ్మేవాళ్లకి. గ్యారంటీ అని చదివి ఎక్కినవాడు ఎనభై మీటర్ల దగ్గర ఊరుకుంటాడా?

మధ్యాహ్నం కాయో లెవంతాదో దీవిలో దింపారు. ఓ రమ్ము ప్రకటన పుణ్యమా అని బకార్డీ దీవి అనే పేరూ ఉంది. తెల్లటి ఇసక, కొబ్బరిచెట్లు, అన్నం, చిక్కుడు గింజల కూర, వేయించిన చేప. బావగారు రెండోసారి వడ్డించుకొచ్చి ఫోన్‌లో వీడియో పెట్టారు. నీళ్ల మీద నల్లటి చుక్క ఒకటి. దాని మీదుగా అక్కయ్య గొంతు స్పష్టంగా వినిపిస్తోంది: "ఏవండీ, మురబ్బా ఇంకోటి ఇవ్వనా?"

— తీరవాసి