ఉగ్గుగిన్నె ముందు వాదులాట

2024 ఫిబ్రవరిలో జామా నెట్‌వర్క్ ఓపెన్ పత్రిక ప్రచురించిన అధ్యయనం ఢిల్లీ పాలకులకు ఆగ్రహం తెప్పించింది. ఆరు నుంచి ఇరవై మూడు నెలల వయసున్న భారతీయ శిశువుల్లో 19.3 శాతం మంది, అంటే దాదాపు 67 లక్షల మంది, సర్వేకు ముందు ఒక పగలూ రాత్రీ పోతపాలు గాని, జావ గాని, అన్నం గాని ఎరుగరని అది అంచనా కట్టింది. ఇది దురుద్దేశంతో అల్లిన అసత్యమని కేంద్ర మహిళా శిశు అభివృద్ధి మంత్రిత్వశాఖ కొట్టిపారేసింది. ఆ పిల్లల్లో అత్యధికులు తల్లిపాలు తాగుతున్నారన్నది దాని వాదం.

ఆ వాదంలో కొంత న్యాయం లేకపోలేదు. చనుబాలు తాగే బిడ్డను పస్తులున్న బిడ్డగా చూపడం సరికాదు. కానీ ఆరు నెలలు నిండాక తల్లిపాలు కొనసాగాలి, అవి మాత్రమే చాలవు. పుట్టుకతో తెచ్చుకున్న ఇనుము నిల్వలు అప్పటికి తరిగిపోతాయి. శిశువు పొట్ట చిన్నది. పలుచని జావతో అది నిండుతుందే తప్ప తగిన శక్తి అందదు. మెత్తగా మెదిపిన పప్పన్నం, గుడ్డు, ఆకుకూర, కాస్త నూనె లేదా నెయ్యి కావాలి. అన్నప్రాశన చేసే దేశానికి ఈ సంగతి విదేశీ పరిశోధకులు చెప్పాలా?

పైగా ఆ అధ్యయనం మన దేశానికి వాడుకున్నది ప్రభుత్వ సర్వే గణాంకాలనే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆ వయసు పిల్లల్లో తగినంత ఆహారం అందుతున్నవారు 11.3 శాతమే. ఐదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత అంతకు ముందరి సర్వేలో 58.6 శాతం, ఈసారి 67.1 శాతం. ఈ అంకెలను ఏ కుట్ర ఖాతాలో వేస్తారు?

తల్లిపాలను ఇంతగా కీర్తించే ప్రభుత్వం బాలింతకు ఏమిచ్చింది? 2013 ఆహార భద్రతా చట్టం 6,000 రూపాయలకు తగ్గని ప్రసూతి సాయాన్ని వాగ్దానం చేసింది. 2017లో వచ్చిన మాతృవందన యోజన దాన్ని తొలి కాన్పుకు 5,000కు కుదించింది. తర్వాత రెండో కాన్పుకూ వర్తింపజేశారు, అదీ ఆడపిల్ల పుడితేనే. బిడ్డను ఇంట వదిలి కూలికి పోయే తల్లి ఆ సొమ్ముతో ఎన్నాళ్లు పాలివ్వగలదు?

అదే చట్టం మూడేళ్లలోపు బిడ్డకు రోజుకు 500 కేలరీలు, 12 నుంచి 15 గ్రాముల మాంసకృత్తులు ఇవ్వాలన్నది. 2017లో అందుకు కట్టిన ఖరీదు రోజుకు 8 రూపాయలు. ఒక్క గుడ్డు కొంటే అందులో మిగిలేది చిల్లరే. ఆ గుడ్డు కూడా కొన్ని రాష్ట్రాల్లో విశ్వాసాల వివాదమైంది. 2015లో మధ్యప్రదేశ్ ముఖ్యమంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ దాన్ని అంగన్‌వాడీ గడప తొక్కనివ్వలేదు. అక్కడి పసివాళ్లను ఎవరూ అడగలేదు; వారికి ఓటు లేదు మరి.