ఉపగ్రహం చెరువుని చూపిస్తుంది.. హక్కుని కాదు

హైదరాబాద్‌లో చెరువుల కబ్జా మాట వస్తే చాలు, ఇప్పుడు ఉపగ్రహ చిత్రాలు ముందుకొస్తున్నాయి. 2024 జులైలో హైడ్రా ఏర్పాటైంది. ఆగస్టు 24న మాదాపూర్ తమ్మిడికుంట దగ్గర ఎన్ కన్వెన్షన్ కూలింది. అప్పటి నుంచి చెరువు పక్కన ఇల్లున్న ప్రతి కుటుంబానికీ ఒకటే భయం. మరి ఆ చిత్రాన్ని ఎంతవరకు నమ్మొచ్చు?

పచ్చని ఆకు కంటికి కనిపించని పరారుణ కాంతిని బాగా వెనక్కి పంపుతుంది. నీరు దాన్ని పీల్చేసుకుంటుంది. ఒకే చోటు తీసిన పాత, కొత్త చిత్రాలను పోల్చి, ఎక్కడ నీరు పోయి మట్టి పడిందో, ఎక్కడ చెట్లు పోయి కాంక్రీటు లేచిందో కంప్యూటర్ పట్టేస్తుంది. 2019లో ఇస్రో పంపిన కార్టోశాట్-3 చిత్రాల్లో ఒక్కో చుక్క నేల మీద దాదాపు పాతిక సెంటీమీటర్లే. ఒక్క గది కట్టినా దొరికిపోతుంది.

అయితే చిక్కు కూడా ఉంది. మే నెల చిత్రంలో ఎండిన చెరువు మైదానంలా ఉంటుంది, అక్టోబరులో అదే నిండుగా కనిపిస్తుంది. ఎత్తయిన భవనం నీడ నీళ్లలా భ్రమ పెడుతుంది. పైగా ఎఫ్‌టీఎల్ గీత ఏ ఫొటోలోనూ ఉండదు. అది అలుగు ఎత్తుని బట్టి నేల మీద సర్వే చేసి తేల్చాల్సిందే.

అన్నిటికన్నా ముఖ్యం, చిత్రం నేల మీద ఏముందో చెబుతుంది, అది ఎవరిదో చెప్పదు. పొదలు పెరిగిన పాత ఖబ్రస్తాన్ పైనుంచి చూస్తే ఖాళీ జాగాయే. దాన్ని కాపాడేది వక్ఫ్ రికార్డు, సర్వే నంబరు, హద్దులు. 2025 జూన్‌లో మొదలైన ఉమీద్ పోర్టల్ వక్ఫ్ ఆస్తులకు జియో ట్యాగింగ్ అడుగుతోంది కాబట్టి ముతవల్లీలు ఈ మూడూ సరిచూసుకోవాలి.

గల్ఫ్‌లో ఏళ్లపాటు కూడబెట్టిన డబ్బుతో నోటరీ కాగితం మీద ప్లాటు కొన్నవాళ్లకే దెబ్బ ఎక్కువ. అమ్మినవాడు అప్పటికే జారుకుని ఉంటాడు. అందుకే అడ్వాన్స్ ఇవ్వకముందే గూగుల్ ఎర్త్‌లో ఆ చోటు పాత చిత్రాలు చూడండి, అది ఉచితమే. వానలు వెనుదిరిగాక తీసినవి ఏటికేడు పోల్చండి. హెచ్‌ఎండీఏ చెరువు మ్యాపుతో సరిచూడండి. నోటీసు వస్తే చిత్రం ఏ తేదీదో, ఎఫ్‌టీఎల్ సర్వే ఎప్పుడు జరిగిందో రాతపూర్వకంగా అడగండి.