పంపు కొనే ముందు బోరు లెక్క రాసుకోండి

మోటారు కాలినా, కొత్త బోరు పడినా చుట్టుపక్కల జిల్లాల రైతులు చాలామంది సికింద్రాబాద్ రాణిగంజ్ దారి పడతారు. అక్కడ ఫ్యాక్టరీల పంపులూ, వ్యవసాయ పంపులూ దొరుకుతాయి. ఫ్యాక్టరీ వాళ్లు నిమిషానికి ఎన్ని లీటర్లు, ఎంత ఎత్తుకు అని అడిగి కొంటారు. కరెంటు బిల్లు కట్టేది వాళ్లే మరి. రైతు మాత్రం "ఏడున్నర హెచ్‌పీ ఇవ్వండి" అంటాడు. బిల్లు లేదు నిజమే, కానీ మోటారు వైండింగ్ ఖర్చూ, ఎండిన బోరూ మనవే.

తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్ 2018 జనవరి 1న మొదలైంది. అంతకుముందు కరెంటు ఉన్న కొద్ది గంటల్లోనే మడి తడపాలి కాబట్టి పెద్ద మోటారు వైపు మొగ్గేవాళ్లం. కరెంటు ఎక్కువ గంటలు ఉన్నప్పుడు హద్దు బోరులో ఊరే నీరే. చిన్న మోటారు ఎక్కువసేపు నడిస్తే అదే నీరు వస్తుంది, బోరు గ్యాప్ ఇవ్వదు.

లెక్క ఇలా వేసుకోండి. వేసవిలో మోటారు రెండు మూడు గంటలు నడిచాక 200 లీటర్ల డ్రమ్ము నింపి చూడండి. 100 సెకన్లు పడితే సెకనుకు 2 లీటర్లు. పంపు నడుస్తుండగా నీటి మట్టం 200 అడుగుల లోతు, తొట్టి ఎత్తు 20 అడుగులు, పైపు రాపిడికి 25 అడుగులు అనుకుందాం. మొత్తం 245 అడుగులు, అంటే సుమారు 75 మీటర్లు. లీటర్లను మీటర్లతో హెచ్చించి 75తో భాగిస్తే 2 హెచ్‌పీ. పంపుసెట్టు సామర్థ్యం 45 శాతం అనుకుంటే నాలుగున్నర. ఈ బోరుకు 5 హెచ్‌పీ చాలు. ఏడున్నర పెడితే ఊరేదానికన్నా ఎక్కువ తోడి, నీళ్లు లేకుండా తిరిగి కాలిపోతుంది.

కొట్లో హెచ్‌పీ కాదు, ఈ రెండు అంకెలు చెప్పండి. ఆ ఎత్తుకు ఎన్ని లీటర్లు ఇస్తుందో కంపెనీ పట్టికలో చూపించమనండి. ఐఎస్ 8034 ముద్ర, బీఈఈ స్టార్ చూడండి. బోరు కేసింగ్ సైజు కూడా చెప్పండి.

మోటారును బోరు అడుగుకు ఆనించకండి, బురదలో చల్లబడదు. కెపాసిటర్, డ్రై రన్ రక్షణ ఉన్న స్టార్టర్ పెట్టించండి. ఆటో స్టార్టర్ వద్దు. కరెంటు రాగానే మోటార్లన్నీ ఒకేసారి లేస్తే కాలేది ఊరందరి ట్రాన్స్‌ఫార్మర్.