అమెరికాలో లేఆఫ్.. వీసాకు 60 రోజులు సరే, మరి హెల్త్ ఇన్సూరెన్స్ సంగతేంటి?

అమెరికాలో టెక్ కంపెనీలు లేఆఫ్స్ ప్రకటించిన ప్రతిసారీ మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న.. 'గ్రేస్ పీరియడ్ ఎన్ని రోజులు?' హెచ్-1బీ ఆమోదాల్లో 70 శాతానికి పైగా భారతీయులవే కాబట్టి ఆ టెన్షన్ సహజం. గరిష్ఠంగా 60 రోజులు. ఆ లోపు కొత్త ఉద్యోగం దొరకాలి, లేదా స్టేటస్ మార్చుకోవాలి, లేదా బ్యాగులు సర్దుకోవాలి. ఈ హడావుడిలో పక్కకు పోతున్న గడువు ఇంకొకటి ఉంది. అది హెల్త్ ఇన్సూరెన్స్‌ది.

అమెరికాలో ఇన్సూరెన్స్ లేకుండా ఎమర్జెన్సీ రూమ్ గడప తొక్కితే బిల్లు వేల డాలర్లలో వస్తుంది. కొన్ని కంపెనీల్లో ఆఖరి పనిరోజుతోనే కవరేజ్ ఆగిపోతుంది. కొన్నిచోట్ల ఆ నెలాఖరు దాకా ఉంటుంది. లేఆఫ్ కాల్‌లో సెవరెన్స్ ఎంత అని అడిగే ముందే హెచ్‌ఆర్‌ని అడగాల్సిన విషయం ఇది.

కవరేజ్ ఆగిపోయాక కూడా అదే గ్రూప్ ప్లాన్‌లో కొనసాగే హక్కు కల్పించేదే 'కోబ్రా'. పేరు విని కంగారు పడొద్దు. కన్సాలిడేటెడ్ ఆమ్నిబస్ బడ్జెట్ రీకన్సిలియేషన్ యాక్ట్ అనే 1985 నాటి చట్టానికి పొట్టి పేరు అది. 20 లేదా అంతకంటే ఎక్కువ మంది ఉద్యోగులున్న కంపెనీలకు ఇది వర్తిస్తుంది. ఉద్యోగం పోయినవాళ్లు 18 నెలల వరకు పాత ప్లాన్‌లోనే ఉండొచ్చు. అవే డాక్టర్లు, అదే నెట్‌వర్క్. ఈ ఏడాది ఇప్పటికే కట్టిన డిడక్టబుల్ కూడా వృథా కాదు. మనంతట మనమే రిజైన్ చేసినా ఈ హక్కు ఉంటుంది. 'గ్రాస్ మిస్‌కాండక్ట్' అని తేల్చి తీసేస్తే మాత్రం రాదు. వీసా స్టేటస్‌తో దీనికి సంబంధం లేదు.

మరి ఇబ్బంది ఎక్కడ? ధర దగ్గర. కేఎఫ్ఎఫ్ సంస్థ 2024 సర్వే ప్రకారం కంపెనీలిచ్చే ఫ్యామిలీ ప్లాన్ ప్రీమియం సగటున ఏడాదికి 25,572 డాలర్లు. అందులో ఉద్యోగి జీతం నుంచి కట్ అయ్యేది 6,296 డాలర్లే, అంటే నెలకు సుమారు 525. మిగతాది కంపెనీ కడుతుంది. కోబ్రాలోకి వెళ్లగానే మొత్తం ప్రీమియం మన నెత్తిన పడుతుంది. పైగా 2 శాతం దాకా నిర్వహణ ఖర్చు. ఆ సగటు లెక్కనే తీసుకుంటే నెలకు దాదాపు 2,174 డాలర్లు. జీతం ఆగిన నెలలోనే ఖర్చు నాలుగు రెట్లవుతుందన్నమాట. హక్కు ఇచ్చిన చట్టం, అది వాడుకునే స్తోమత సంగతి మాత్రం పట్టించుకోలేదు. సెవరెన్స్‌లో భాగంగా కంపెనీలు కొన్ని నెలల కోబ్రా ప్రీమియం భరించడమూ ఉంది. సంతకం పెట్టే ముందు దాని గురించి అడిగి చూడాలి. హెచ్‌ఎస్‌ఏ ఖాతాలో డబ్బుంటే దాంతోనూ పన్ను లేకుండా ఈ ప్రీమియం కట్టొచ్చు.

వెంటనే కట్టాలా?

చాలామందికి తెలియని పాయింట్ ఇదే. కోబ్రా కావాలో వద్దో చెప్పడానికి 60 రోజుల టైమ్ ఉంటుంది. ఆ 60 రోజులు కవరేజ్ ఆగిన రోజు నుంచి గానీ, నోటీసు ఇచ్చిన రోజు నుంచి గానీ, ఏది తర్వాతైతే అప్పటి నుంచి లెక్క. ఎప్పుడు ఒప్పుకున్నా కవరేజ్ మాత్రం ఆగిన రోజు నుంచే వర్తిస్తుంది.

ఉదాహరణకు మార్చి 31న ఉద్యోగం, కవరేజ్ రెండూ పోయాయి, ఏప్రిల్ 10న నోటీసు పంపారు అనుకుందాం. వీసా గ్రేస్ పీరియడ్ మే 30తో ముగుస్తుంది. కోబ్రాకు మాత్రం జూన్ 9 వరకు గడువుంది. ఆ రోజు సరే అన్నా, మొదటి ప్రీమియం కట్టడానికి ఇంకో 45 రోజులు, అంటే జూలై 24 దాకా టైమ్ ఉంటుంది. మధ్యలో మే నెలలో అపెండిక్స్ ఆపరేషన్ అయిందా.. కోబ్రా తీసుకుని ఏప్రిల్ 1 నుంచి ప్రీమియం మొత్తం కట్టేస్తే ఆ బిల్లు ప్లాన్ కిందకు వస్తుంది. ఏమీ కాలేదు, కొత్త కంపెనీ ఇన్సూరెన్స్ వచ్చేసింది అంటే వదిలేయొచ్చు. ఇదేదో లొసుగు కాదు, చట్టంలో ఉన్నదే. అయితే ఆ మధ్య కాలంలో హాస్పిటల్ సిస్టమ్‌లో మీ కవరేజ్ లేనట్టే కనిపించొచ్చు. ముందు జేబులోంచి కట్టి తర్వాత క్లెయిమ్ చేసుకోవాల్సి రావొచ్చు. ప్రతి నెలా మందులు, స్కాన్లు నడుస్తున్న ఇంట్లో ఈ వెయిటింగ్ గేమ్ పనికిరాదు.

అలాంటి ఇంటికి మరో దారి ఉంది. ప్లాన్‌లో ఉన్న భర్త, భార్య, పిల్లలు ఎవరికి వారికి విడిగా కోబ్రా ఎంచుకునే హక్కు ఉంది. సర్జరీ డేట్ ఫిక్సయిన భార్య ఒక్కరికే తీసుకుంటే సరిపోతుంది అనుకుంటే సింగిల్ ప్రీమియమే పడుతుంది. అదే సర్వేలో సింగిల్ ప్లాన్ సగటు ఏడాదికి 8,951 డాలర్లు, కోబ్రా లెక్కలో నెలకు 760 చిల్లర. 2,174 ఎక్కడ, 760 ఎక్కడ!

భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులైతే కోబ్రా జోలికి వెళ్లక్కర్లేదు. రెండోవారి కంపెనీ ప్లాన్‌లో చేరిపోవచ్చు. కానీ దానికి అడగాల్సిన గడువు కవరేజ్ పోయాక 30 రోజులే. 60 అనుకుని కూర్చుంటే అవకాశం చేజారుతుంది. మార్కెట్‌ప్లేస్ ప్లాన్లకైతే 60 రోజులు ఉంటుంది. హెచ్-1బీ వాళ్లూ వాటికి అర్హులే. కాకపోతే డిడక్టబుల్ మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. పైగా 2025లో వచ్చిన చట్టం వల్ల 2027 జనవరి నుంచి హెచ్-1బీ వీసాదారులకు ప్రీమియం సబ్సిడీ ఉండదు. ఇంకోటి, కోబ్రా తీసుకుని నాలుగైదు నెలల తర్వాత భారం అనిపించి మానేస్తే వెంటనే మార్కెట్‌ప్లేస్‌లోకి రానివ్వరు. నవంబర్ 1న మొదలయ్యే ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ దాకా ఆగాల్సిందే.

ఇక చిన్న కన్సల్టెన్సీల సంగతి. పది, పదిహేను మందితో నడిచే కంపెనీలకు ఫెడరల్ కోబ్రా వర్తించదు. అక్కడ రాష్ట్ర చట్టాలే దిక్కు. కాలిఫోర్నియా, న్యూయార్క్‌లలో 36 నెలల దాకా ఇస్తారు. టెక్సాస్‌లో 9 నెలలే. కంపెనీయే మూతపడి గ్రూప్ ప్లాన్ రద్దయితే ఫెడరల్ కోబ్రా కూడా ఉండదు, కొనసాగడానికి ప్లానే మిగలదు కదా.

ఇండియాకు వచ్చేద్దాం అనుకునేవాళ్లకు ఈ లెక్క వేరు. చాలా అమెరికన్ ప్లాన్లు విదేశాల్లో ఎమర్జెన్సీకి మించి కవర్ చేయవు. కాబట్టి హైదరాబాద్‌లో ట్రీట్‌మెంట్ చేయించుకుంటూ కోబ్రా కట్టడంలో అర్థం లేదు. అక్కడ ఎన్నేళ్లు ఇన్సూరెన్స్ ఉన్నా ఇక్కడి పాలసీలో వెయిటింగ్ పీరియడ్ తగ్గదు. మామూలుగా మొదటి 30 రోజులు, బీపీ, షుగర్ లాంటి పాత జబ్బులకైతే గరిష్ఠంగా మూడేళ్లు. టికెట్ బుక్ చేసుకునే రోజే ఇక్కడి పాలసీకి అప్లై చేస్తే ఆ మేరకు కలిసొస్తుంది.

చివరగా ఓ చిన్న విషయం. కోబ్రా నోటీసు తరచూ పోస్టులోనే వస్తుంది, కంపెనీ రికార్డుల్లో ఉన్న పాత అడ్రస్‌కు. అది పంపడానికి వాళ్లకు 44 రోజుల దాకా టైమ్ ఉంటుంది. ఉద్యోగం పోయాక అద్దె భారం తగ్గించుకోవాలని అపార్ట్‌మెంట్ ఖాళీ చేసి ఫ్రెండ్ ఇంటికి మారేవాళ్లు తక్కువేం కాదు. ఆ అడ్రస్‌కు సరిగ్గా పోస్ట్ చేశామని కంపెనీ చూపిస్తే చాలు, మీ చేతికి అందకపోయినా 60 రోజుల లెక్క నడుస్తూనే ఉంటుంది. ల్యాప్‌టాప్ తిరిగి ఇచ్చే రోజే కొత్త అడ్రస్ రాతపూర్వకంగా ఇవ్వండి, ఆ మెయిల్ కాపీ పర్సనల్ ఐడీకి పంపుకోండి.