ముందు కొలబద్ద, తరువాత సుత్తి

ఇంట్లో ఆవకాయ పెట్టుకొనేవారున్నారు. ఇంట్లో బట్టలు కుట్టుకొనేవారున్నారు. ఒకప్పుడు ఇంట్లోనే రేడియో బిగించుకొని వీధివారినందరినీ పిలిచి వినిపించిన ఘనులూ ఉండేవారు. ఇంట్లో విమానం చేసుకొనేవారు కూడా ఉన్నారంటే మాత్రం మనం నొసలు చిట్లిస్తాం. ఉన్నారు. ఒకరిద్దరు కాదు. అమెరికాలో వాన్స్ అనే ఒక్క కంపెనీ నమూనాలను బట్టి ఇళ్ళలో కట్టుకొన్న విమానాలే 11 వేలకు పైగా గాలిలోకి లేచాయి. కారు పెట్టుకొనే షెడ్డులో, సెలవు రోజుల్లో, భార్యాబిడ్డలు రేకులు పట్టుకొంటుంటే కట్టినవి ఇవన్నీ.

అక్కడి చట్టం దీనికి ఒప్పుకొంటుంది. కాని సగానికి పైగా పని చదువు కోసమో, సరదా కోసమో పూనుకొన్నవారే స్వయంగా చేసి ఉండాలి. ప్రభుత్వపు తనిఖీదారు వచ్చి చూడాలి. తరువాత సాధారణంగా 25 నుంచి 40 గంటలపాటు జనం తక్కువగా ఉన్న చోట ఎగిరి పరీక్షించుకోవాలి. ఇది మామూలు విమానాల భద్రతా నియమాలకు లోబడినది కాదని ఎక్కేవారికి కనిపించేటట్లు లోపల వ్రాసి పెట్టాలి. ఇటువంటివారి కోసం పాల్ పోబెరెజ్నీ అనే ఆయన 1953లో మిల్వాకీ నగరంలో ఒక సంఘం పెట్టాడు. 1955లో ఒక పత్రిక, ఇంజనుతో సహా 800 డాలర్ల లోపున విమానం కట్టుకోండి అంటూ ఆయన చేత వ్యాసాలు వ్రాయించింది.

తెలుగు పాఠాలు చెప్పుకొనేవాడికి ఈ గొడవ ఎందుకంటారా? నా దగ్గర చదువుకొన్న శిష్యుడొకడు టెక్సాస్‌లో స్థిరపడి, రెండేళ్ళుగా ఈ పనిలోనే ఉన్నాడు. వాళ్ళ అమ్మగారు తెనాలిలో ఉంటారు. "మాస్టారూ, మీ మాటంటే వాడికి గురి. ఆ పిచ్చి మానుకోమని మీరైనా చెప్పండి" అన్నారు. చెప్పేముందు వినాలి గదా అని ఫోను చేశాను.

"ఏమోయ్, అమ్మ బెంగపెట్టుకొన్నారు. నీకు భయం లేదా?" అన్నాను.

"భయం ఉంది మాస్టారూ. ఉండబట్టే ఇన్ని పనిముట్లు కొన్నాను. జాబితా పంపుతాను, చూడండి" అన్నాడు.

జాబితా చూచి ఆశ్చర్యపోయాను. కోసేవీ కొట్టేవీ కొన్నే ఉన్నాయి. సగానికి సగం కొలిచేవీ సరిచూచేవీ! దసరాకు మనం ఆయుధపూజ చేసి సుత్తికీ రంపానికీ కుంకుమ పెడతాం. కొలబద్దను ఎవరైనా తలచుకొంటారా? విమానం కట్టేవాడు మొదటి బొట్టు దానికే పెట్టాలి.

ఇది కొత్త సంగతేమీ కాదు. రైట్ సోదరులు 1901లో తమ గ్లైడరు అనుకొన్నంతగా లేవకపోతే, మరింత పెద్ద రెక్కలు కట్టడానికి సుత్తి పట్టలేదు. పూర్వులిచ్చిన లెక్కల మీదనే అనుమానం వచ్చి, డేటన్ ఊళ్ళోని తమ సైకిలు దుకాణంలో ఆరడుగుల చెక్కపెట్టె చేసి, దానిలో గాలి వీచే ఏర్పాటు చేశారు. రెక్కల మీద గాలి బలం తూచే త్రాసును ఇనుము కోసే రంపపు బ్లేడు ముక్కలతోనూ, సైకిలు ఊచలతోనూ చేసుకొన్నారు. దానితో సుమారు 200 రకాల చిన్న రెక్కలను పరీక్షించారు. 1903 డిసెంబరు 17న మొదటిసారి ఎగిరిన యంత్రం మీద కూడా గాలివేగం కొలిచే పరికరం, ఇంజను చుట్లు లెక్కించే పరికరం, ఒక స్టాప్‌వాచీ ఉన్నాయి. ఎగిరితే చాలుననుకోలేదు వారు. ఎంత ఎగిరామో తెలియాలనుకొన్నారు.

మావాడి జాబితాలో నాకు బాగా నచ్చినది ఒక నిషేధం. అల్యూమినియం రేకు మీద పెన్సిలుతో గీత గీయకూడదట. పెన్సిలు ముల్లులోని గ్రాఫైటు తేమ తగిలితే ఆ లోహాన్ని తినివేస్తుంది. సూదితో గీస్తే ఆ గీటే రేపు పగులవుతుంది. అందుకని మెత్తటి మొన ఉన్న సిరాకలమే వాడాలి. జీవితమంతా పెన్సిలుతో దిద్దిన నాకు, అది కూడా ఒక అపాయకరమైన పనిముట్టేనని మొదటిసారి తెలిసింది.

బెజ్జం వేసిన ప్రతి చోటా అంచున సన్నని పెచ్చు లేస్తుంది. దాన్ని తీసివేయడానికి ఒక చిన్న కత్తి ఉంటుంది. తీయకపోతే అక్కడ కూడా పగులు మొదలు కావచ్చు. రేకులు కదలకుండా బెజ్జాల్లో తాత్కాలికంగా బిగించే స్ప్రింగు పిన్నులను క్లీకోలంటారు. అవి వందల కొద్దీ కావాలి. ఇక రివెట్లు పదివేలకు పైచిలుకు. అంగుళంలో ఎనిమిదోవంతు మందం గల రివెట్టును కొట్టినప్పుడు, అణగిన తల వెడల్పు ఒకటిన్నర రెట్లు, ఎత్తు సగం ఉండాలి. అది సరిచూడడానికి బెజ్జాలున్న చిన్న రేకు బిళ్ళ ఒకటి వస్తుంది. వెల స్వల్పం. కాని పదివేల రివెట్లకూ పరీక్షాధికారి అదే.

మరొకటి టార్కు స్పానరు. నట్టును ఎంత బలంతో బిగించామో చెప్పే స్పానరు ఇది. అంగుళంలో పదహారింట మూడు వంతుల మందం గల విమానపు బోల్టుకు సాధారణంగా 20 నుంచి 25 అంగుళపు పౌండ్లు చాలు. మన మెకానిక్కులు "చేతికి తెలుస్తుందండీ" అంటారు. సైకిలుకు తెలుస్తుంది. ఆకాశంలో చేతి మాట నమ్మరాదు. వదులైతే ఊడుతుంది, మితిమీరి బిగిస్తే లోలోపల సాగి, ఒకనాడు తెగుతుంది.

మరి ఇవన్నీ కొత్తవే కొనాలా? అక్కరలేదు. గాలి పంపును, డ్రిల్లు మిషనును, పని ముగించుకొన్నవారి దగ్గర వాడినవి కొనుక్కోవచ్చు. రివెట్లు నొక్కే పనిముట్లను తోటి కట్టడందారులు అరువిస్తారు. పొదుపు చేయకూడనివి మూడు. ఒకటి కొలిచే పనిముట్లు. రెండు, బెజ్జం వేసే మొనలు. మొద్దుబారిన మొన గుండ్రని బెజ్జం వేయదు. మూడు, బోల్టులు. ఇనుప సామాను కొట్లో దొరికే బోల్టు చూడడానికి అలాగే ఉన్నా విమానానికి పనికిరాదు. విమానపు బోల్టు తలమీద దాని జాతి చెప్పే గుర్తు ఉంటుంది. గుర్తు లేనిదాన్ని వాడరాదు.

కట్టడం ఒక ఎత్తు. నడిపేటప్పుడు చేతికి అందవలసినవి మరొక ఎత్తు. ఈ విషయంలో అమెరికా గాయకుడు జాన్ డెన్వర్ కథ ప్రతి కట్టడందారూ తెలుసుకోదగ్గది. ఆయన కొన్నది మరొకరు ఇంట్లో కట్టిన లాంగ్-ఈజీ విమానం. నమూనాలో, ఒక ట్యాంకు నుంచి మరొక ట్యాంకుకు పెట్రోలు మార్చే పిడి నడిపేవాడికి ముందే ఉంటుంది. కట్టినవాడు దాన్ని ఎడమ భుజం వెనక్కు మార్చాడు. పెట్రోలు గొట్టాలు కూర్చొనేచోట ఉండకూడదన్నది అతని భయం. ఉద్దేశం మంచిదే. కాని పిడి తిప్పాలంటే నడిపే కర్ర వదిలి, వెనక్కు మెలితిరగాలి. 1997 అక్టోబరు 12న కాలిఫోర్నియాలోని మాంటెరీ విమానాశ్రయంలో, ఆ పిడి అందడానికి పట్టుకారు తగిలించి చూచారు. కుదరలేదు. వెనుకనున్న పెట్రోలు గుర్తులు చూడడానికి మెకానిక్కు ఒక అద్దం ఇచ్చాడు. ఆ సాయంత్రమే విమానం సముద్రంలో కూలి డెన్వర్ మరణించాడు. పిడి కోసం తిరిగేటప్పుడు తెలియకుండా కుడికాలి పెడలు నొక్కి అదుపు తప్పాడని విచారణాధికారులు తేల్చారు. పిడిని అందని చోట పెట్టడాన్నీ, ఆ కొత్త విమానంలో ఆయనకు తగినంత శిక్షణ లేకపోవడాన్నీ కూడా కారణాల్లో చేర్చారు.

ఆడలేక మద్దెల ఓడన్నట్లు పనిముట్టును నిందించడం మనకు అలవాటు. ఇక్కడ మద్దెల నిజంగానే ఓడు. పట్టుకారుతో, అద్దంతో ఆ ఓడును సర్దుకోబోయారు. ఒక పరికరాన్ని వాడడానికి మరొక పరికరం కావలసి వచ్చిందంటే, మొదటిది తప్పు చోట ఉన్నదన్నమాట. నేల మీదనే కూర్చొని, పట్టీలు బిగించుకొని, కళ్ళు మూసుకొని ప్రతి పిడినీ తాకి చూడాలి. ఏది అందకపోతే దాన్ని మార్చాలి. ఖర్చని ఊరుకోకూడదు.

తెనాలి అమ్మగారితో నేను ఆశువుగా అభయమివ్వలేదు. ఇంటి విమానాలకు ఫ్యాక్టరీ విమానాల కంటే ప్రమాదాలు ఎక్కువే. ఆ మాట ఆవిడతో చెప్పాను. కొడుకును మూడు ప్రశ్నలు అడగమన్నాను. కొలిచే పనిముట్లు ఎన్ని ఉన్నాయి? కళ్ళు మూసుకొంటే పిడులన్నీ అందుతున్నాయా? ఇంతవరకు కొలతకు రాలేదని ఎన్ని పారేశావు?

మొదటిదానికి జాబితా చదివాడట. రెండోదానికి, ఇంకా కుర్చీ బిగించలేదు, బిగించగానే చూస్తానన్నాడట. మూడోదానికి, బల్ల కింద ఒక పెట్టెనిండా ఉన్నాయనీ, రెక్కలోని ఒక ఆధారపు రేకునే మూడుసార్లు చేశాననీ చెప్పాడట.

ఆవిడకు బెంగ పోలేదు. కాని, "మాడిన కూర పారబోసేవాడికే వంట అప్పగించవచ్చు లెండి" అన్నారు.