సర్దుకుపోవడం సమాధానం కాదు



ఈ మధ్య సమాధాన శిక్షణలు ఎక్కువయ్యాయి. రెండు రోజుల సదస్సు, గోడకు చార్టులు, మధ్యాహ్నం భోజనం, చివర సర్టిఫికెట్టు, ఒక గ్రూపు ఫొటో. మేమూ వెళ్లి కూర్చున్నాం. కోపంతో ఉన్నవాడి మాటకు అడ్డుతగలకుండా వినడం, ఇద్దరినీ విడివిడిగా కలిసిన తరువాతే ఒకచోట కూర్చోబెట్టడం, నింద వేయకుండా బాధ చెప్పుకోవడం నేర్పించారు. అవి మంచి సంగతులే, వాటిని తక్కువ చేయం. అయితే ఆ రెండు రోజుల్లో ఒక ప్రశ్న ఎవరూ అడగలేదు, మేమూ అడగలేదు. ఎవరి సొత్తు ఎవరి చేతిలో ఉంది?

ఆ ప్రశ్న అడగకపోతే ఏమవుతుందో మా చేతుల మీదుగానే చూశాం. శిక్షణ నుండి వచ్చిన కొత్తలో రెండు విశ్వాసుల కుటుంబాల గెట్టు పంచాయితీ మా ముందుకు వచ్చింది. ఒక పక్క విధవరాలు, ఇంకో పక్క ఎదిగిన కొడుకులున్న పెద్దమనిషి. నేర్చుకున్నదంతా వాడాం. ఇద్దరి మాటా విన్నాం, వాక్యం చదివాం, ప్రార్థన చేశాం. ఆమె ఏడ్చి, క్షమించానంది. ఆయన చేతులు జోడించాడు. మేము దేవునికి స్తోత్రం చెప్పి ఇంటికి వచ్చాం. గెట్టు మాత్రం జరిపిన చోటనే ఉంది. మరుసటి వానాకాలం ఆ సాళ్లు ఆయనే దున్నుకున్నాడు. ఆమె మళ్లీ అడిగితే, "క్షమించానన్నావు కదమ్మా" అన్నారు మనవాళ్లు. మేము చేసిన సమాధానమే ఆమె నోరు మూయించింది. ఇది మా తప్పు. ఒప్పుకోకుండా మీకు బోధించలేం.

వాక్యం ఈ విషయంలో తడబడదు. పొరుగువాని సరిహద్దు రాయి జరిపినవాడు శాపగ్రస్తుడని ద్వితీయోపదేశకాండం 27వ అధ్యాయం చెబుతుంది. ప్రజల గాయాన్ని పైపైన మాన్పి, లేని సమాధానాన్ని ప్రకటించిన ప్రవక్తలను, యాజకులను యిర్మీయా 6వ అధ్యాయం గద్దిస్తుంది. మత్తయి 5వ అధ్యాయంలో అర్పణ బలిపీఠం ముందు వదిలి వెళ్లమని ప్రభువు ఎవరితో అన్నాడు? ఎవని మీద సహోదరునికి ఫిర్యాదు ఉందో అతనితో. మనం మాత్రం ప్రతి పంచాయితీలోనూ దెబ్బ తిన్నవారినే ముందు లేవమంటున్నాం.

"అయ్యగారూ, ఇవి లోక సంబంధమైన విషయాలు, మాకు రక్షణ గురించి చెప్పండి" అనేవారున్నారు. సరే, రక్షణ గురించే చెబుతాం. జక్కయ్య తన ఆస్తిలో సగం బీదలకు ఇస్తానని, అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగి ఇస్తానని పలికిన తరువాతే, నేడు ఈ ఇంటికి రక్షణ వచ్చిందని యేసు ప్రకటించాడు. జక్కయ్య కన్నీళ్ల గురించి లూకా ఒక్క మాట రాయలేదు. లెక్క మాత్రం రాశాడు.

ఇప్పుడు అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం తెరవండి. అనుదిన పరిచర్యలో మా విధవరాండ్రకు అందడం లేదని గ్రీకు భాష మాట్లాడే యూదులు సణిగారు. అపొస్తలులు "క్రీస్తులో అందరం ఒకటే, సణగకండి" అనలేదు. ఏడుగురిని ఏర్పరచి పంపకం వాళ్ల చేతికి అప్పగించారు. స్తెఫను, ఫిలిప్పు మొదలు నీకొలాసు దాకా ఆ ఏడుగురివీ గ్రీకు పేర్లే. ఫిర్యాదు చేసిన వైపు నుండే గరిటె పట్టేవాళ్లు వచ్చారు. ఆ తరువాతే దేవుని వాక్యం ప్రబలిందని 7వ వచనం చెబుతుంది.

మన సంగతి చూడండి. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. 2025 ఏప్రిల్ 14 నుండి మన రాష్ట్రంలో 59 ఎస్సీ కులాలను మూడు గ్రూపులు చేశారు. ఆ విభజన సరైనదా కాదా అన్నది ఇక్కడ తేల్చం. కానీ తమ పిల్లలకు అందలేదని ఒకరు నోరు తెరవగానే, "క్రీస్తులో మాల లేదు, మాదిగ లేదు" అని ఊకోబెట్టిన సంఘాలున్నాయి. అలా అన్నవాళ్లే పెళ్లి సంబంధం రాగానే "వాళ్లు ఏ కులపోళ్లు?" అని అడుగుతున్నారు. ఐక్యత అనే మాటను ఫిర్యాదు మీద మూతగా పెడితే అది ఐక్యత కాదు.

మన జిల్లాలోనే దీనికి సాక్ష్యం ఉంది. 1951లో తెలంగాణ సాయుధ పోరాటపు రక్తం ఇంకా ఆరకముందే, వినోబా భావే నడుచుకుంటూ పోచంపల్లి వచ్చారు. ఏప్రిల్ 18న హరిజనవాడలో ఆయన ఓర్పు గురించి ఉపదేశం చేసి వెళ్లిపోలేదు. మీకేం కావాలని అడిగారు. 40 కుటుంబాల వాళ్లు 80 ఎకరాలు అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అక్కడ పుట్టింది. అయితే ఆ తరువాతి కథ కూడా మనకు తెలుసు. దానంగా వచ్చిన భూములు ఎన్నో చోట్ల చేతులు మారాయి, కోర్టుల పాలయ్యాయి. ఇవ్వడం వల్ల సమాధానం పుడుతుంది. కొలిచి, రాసి, కాపాడితేనే అది నిలుస్తుంది.

కాబట్టి ప్రియులారా, శిక్షణలు వద్దని మేము అనడం లేదు. వినడం నేర్పిన చోటనే తిరిగి ఇవ్వడం కూడా నేర్పాలంటున్నాం. ఇకమీదట మా ముందుకు వచ్చే ఏ తగాదాలోనైనా ముందు లెక్క చూస్తాం, ఇవ్వవలసింది ఇప్పిస్తాం, ఆ తరువాతే క్షమాపణ మాట ఎత్తుతాం. ఆ గెట్టు సర్వేయరుతో కొలిపిద్దామని ఇద్దరినీ అడిగాం. ఆమె ఒప్పుకుంది. ఆయన ఇంకా ఆలోచిస్తున్నాడు. ఆ ఇల్లు ఏదని వెతకకండి. వచ్చే ఆదివారం ప్రభువు బల్లకు వచ్చేముందు మీ గెట్టు ఎక్కడుందో ఒకసారి చూసుకుని రండి.

సమాధానకర్తయగు దేవుడు మీకు తోడైయుండును గాక. ఆమేన్.