మొక్కజొన్నల బస్తా

మొన్న గరాజ్ సర్దుతుంటే మూలన సగం మిగిలిన మొక్కజొన్నల బస్తా బయటపడింది. అడుగున ఎలుకలు కన్నం పెట్టాయి. పారేసే ముందు, అది అక్కడికెలా వచ్చిందో చెప్పాలనిపించింది.

మూడేళ్ల కిందట అమ్మ మొదటిసారి మా దగ్గర చలికాలం గడిపింది. మేముండేది న్యూయార్క్ రాష్ట్రమే గానీ, మహానగరానికి చాలా ఉత్తరాన, జనవరిలో మోకాలిలోతు మంచు పడే చోట. వంటింటి కిటికీలోంచి చూస్తే అడవి అంచు. సాయంత్రమయ్యేసరికి ఐదు జింకలొచ్చి ఆకుల్లేని కొమ్మల చివళ్లు కొరుకుతూ నిలబడేవి. అమ్మ స్టవ్ కట్టేసి మరీ చూసేది.

"డొక్కలెలా ఎండిపోయాయో చూడరా. గుమ్మంలోకొచ్చిన జీవికి గుప్పెడు గింజలు వెయ్యకుండా మనకి ముద్దెలా దిగుతుంది?" అంది.

పిచ్చుకల కోసం చూరుకి వరికంకుల కుచ్చు కట్టే ఇంట్లో పుట్టిన మనిషి. నా దగ్గర జవాబు లేదు. శనివారం వెళ్లి 50 పౌన్ల బస్తా తెచ్చి, పెరట్లో గుట్టగా పోశాను. తెల్లారేసరికి నేల నాకేసినట్టుంది. అమ్మ ముఖంలో సంతోషం చూసి రెండోసారి ఇంకా ఎక్కువే పోశాను.

నాలుగో రోజు పక్కింటాయన వచ్చాడు. పుట్టి పెరిగింది ఇక్కడే, వేటగాడు కూడా. మీరు జాలిపడి వేస్తున్నారు గానీ అవి చచ్చిపోతాయి అన్నాడు. ఈ రాష్ట్రంలో జింకలకి మేత వెయ్యడం చట్టవిరుద్ధమనీ అప్పుడే తెలిసింది. వేటగాడొచ్చి నాకు జీవకారుణ్యం చెప్పడమేమిటని చిరాకేసింది, నిజం చెప్పొద్దూ.

ఆ రాత్రి కూర్చుని చదివాను. జింక నెమరువేసే జంతువు. మేతని అరిగించేది దాని పొట్టలోని సూక్ష్మజీవులు. చలికాలానికి అవి పుల్లలకీ బెరడుకీ అలవాటుపడి ఉంటాయి. కొత్త మేతకి మారాలంటే వారాలు పడుతుంది. ఆలోగా కడుపునిండా మొక్కజొన్న పడితే, అది పులిసి ఆమ్లమైపోతుంది. కొద్ది రోజుల్లోనే జింక చచ్చిపోవచ్చు, నిండు కడుపుతో. ఒంటిన పట్టిన కొవ్వు, దట్టమైన బొచ్చు, తక్కువ తిరగడం, తక్కువ తినడం, ఇవే చలికాలంలో దాన్ని కాపాడేవి. అయినా కొన్ని పోతాయి, ముఖ్యంగా ఆ ఏడు పుట్టిన కూనలు.

ఇక గుట్ట దగ్గర మూతులు కలిపి తినడం. క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అని, 1967లో కొలరాడోలో మొదట గమనించిన జబ్బుంది. మందు లేదు. లాలాజలంతోనూ మూత్రంతోనూ పాకుతుంది, మట్టిలో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. 2005లో మా రాష్ట్రంలోనూ కనబడింది. వయోమింగ్‌లో 1912లో పెట్టిన నేషనల్ ఎల్క్ రెఫ్యూజ్ సంగతి మరీ చిక్కు. చలికాలపు మేతభూములు పశువుల బీళ్లయిపోవడంతో, వేల ఎల్క్‌లకి మనుషులే మేత వెయ్యడం మొదలుపెట్టారు. వందేళ్ల అలవాటు. ఇప్పుడు ఆపితే ఆకలి భయం, ఆపకపోతే జబ్బు భయం.

పొద్దున అమ్మకి చట్టం చెప్పాను, జబ్బు చెప్పాను. "అడవిలో గింజలకి పోలీసులా?" అంది. పొట్ట సంగతి చెప్పగానే మాత్రం చేతిలో కాఫీ గ్లాసు కింద పెట్టేసింది.

"మన గౌరి పోయినట్టేనా?"

గౌరి మా గేదె. నేను మూడో తరగతిలో ఉండగా రాత్రి తాడు తెంపుకుని వడ్ల రాశి మీద పడింది. మర్నాటికి డొక్క ఉబ్బి, కాళ్లు చాపేసింది. అమ్మ రెండు రోజులు అన్నం ముట్టకపోవడమే నాకు గుర్తు. "తాడు తెంపుకోలేదురా, నేనే సరిగ్గా కట్టలేదు" అంది. ఇన్నేళ్లలో ఆ మాట ఎవరికీ చెప్పినట్టు లేదు.

వెంటనే కోటు తొడుక్కుని చీపురూ చాటా అడిగింది. చాట ఎక్కడిది, మంచు పారతోనే మిగిలిన గింజలన్నీ ఎత్తాం. మంచులో కూరుకుపోయినవి వేళ్లతో ఏరింది, వద్దన్నా వినకుండా.

సాయంత్రం జింకలొచ్చి ఆ చోటు వాసన చూసి, కిటికీ వైపు చూస్తూ నిలబడ్డాయి. అమ్మ తెర వేసేసింది. ఆ వారం తర్వాత నాలుగే వచ్చేవి. ఐదోది ఏమైందో అమ్మ అడగలేదు, నేనూ ఎత్తలేదు.